ఆకాశవాణి తెలుగు ప్రాంతీయ వార్తలు: విలేఖరి వృత్తి, వార్తా నిర్ధారణ, శ్రోత విశ్వాసం

వ్యాస సంగ్రహం

తెలుగు పాత్రికేయ చరిత్ర రచనలో ఆకాశవాణి ప్రాంతీయ వార్తా విభాగాలకు దక్కిన చోటు స్వల్పం. వార్తలు చదివిన కంఠాలు ప్రజల జ్ఞాపకంలో నిలిచాయి. వార్తను సేకరించి, సరిచూసి, పది నిమిషాల నిడివికి కుదించిన విలేఖరులు, సంపాదకులు మాత్రం చరిత్రకు అంతగా అందలేదు. ఈ వ్యాసం ఆ వృత్తిని ఉద్యోగ వ్యవస్థ, శ్రవణానికి అనువైన వార్తాభాష, వార్తా నిర్ధారణ పద్ధతి అనే మూడు కోణాల నుంచి పరిశీలిస్తుంది. ప్రభుత్వ మాధ్యమంలో నిర్ధారణ అంటే అధికారిక ధ్రువీకరణే అన్న అలవాటు జాతీయ వార్తల్లో ఎలాంటి వైఫల్యాలకు దారితీసిందో వివరిస్తుంది. ప్రాంతీయ వార్తల్లో శ్రోతే సాక్షి కావడం వల్ల ఆ అలవాటు ఎలా పరీక్షకు గురైందో చర్చిస్తుంది.

కీలక పదాలు: ఆకాశవాణి, ప్రాంతీయ వార్తా విభాగం, రేడియో విలేఖరి, వార్తాభాష, నిర్ధారణ, ప్రసార నియమావళి, ప్రసార భారతి.

1. ఉపోద్ఘాతం

తెలుగు పాత్రికేయ చరిత్ర ప్రధానంగా అచ్చుపత్రికల చరిత్రగా సాగింది. 1902లో వెలువడిన కృష్ణాపత్రిక, 1908లో బొంబాయిలో ప్రారంభమైన ఆంధ్రపత్రిక, 1926లో హైదరాబాదులో పుట్టిన గోలకొండ పత్రిక ఈ చరిత్రలో మైలురాళ్లు. సంపాదకుల వ్యక్తిత్వం, సంపాదకీయాల ధోరణి, పత్రికల జాతీయోద్యమ పాత్ర, భాషా వాదాల్లో వాటి పక్షం వంటి అంశాలపై విస్తారమైన పరిశోధన జరిగింది. ఈ పరిశోధనకు ఆధారం అచ్చు ప్రతి. గ్రంథాలయంలో పాత సంచిక దొరికితే పరిశోధకుడికి వార్త, శీర్షిక, తేదీ, సంపాదకుడి పేరు ఒకేచోట లభిస్తాయి.

రేడియో వార్తకు ఆ సౌకర్యం లేదు. ప్రత్యక్షంగా చదివిన బులెటిన్ చదవడంతోనే ముగిసిపోతుంది. అందులో విలేఖరి పేరు ఉండదు, అభిప్రాయం ఉండదు, శీర్షిక ఉండదు. చదివే వ్యక్తి పేరు మాత్రమే శ్రోతకు వినిపిస్తుంది. అందువల్ల అచ్చుపత్రికల అధ్యయనానికి ఏర్పడిన కొలమానాలతో చూస్తే, రేడియో విలేఖరి పత్రికా రచయితగా కాక ప్రభుత్వ ఉద్యోగిగానే కనిపిస్తాడు. ఈ దృష్టి అసంపూర్ణమైనది. దినపత్రిక చేరని ఊళ్లలోనూ, పత్రిక చదవలేని ఇళ్లలోనూ కొన్ని దశాబ్దాలపాటు వార్త అంటే రేడియో వార్తే. ఆ వార్తను తయారుచేసిన వృత్తికి సొంత విలువలు, సొంత నైపుణ్యం, సొంత సంకటాలు ఉన్నాయి. వాటిని గుర్తించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

2. ప్రాంతీయ వార్తకు పూర్వరంగం

దక్షిణ భారతంలో రేడియో ప్రసారం 1924లో మద్రాసు ప్రెసిడెన్సీ రేడియో క్లబ్‌తో మొదలైంది. ఆర్థిక ఇబ్బందులతో ఆ క్లబ్ ఆగిపోగా, 1930లో మద్రాసు నగరపాలక సంస్థ ప్రసారాలను చేపట్టింది. 1936 జూన్‌లో భారత ప్రభుత్వ ప్రసార వ్యవస్థ ఆలిండియా రేడియోగా మారింది. అదే సంవత్సరం జనవరి 19న ఢిల్లీ కేంద్రం తొలి వార్తా బులెటిన్‌ను ప్రసారం చేసింది. 1937లో కేంద్రీయ వార్తా వ్యవస్థ ఏర్పడింది. 1938 జూన్ 16న ప్రారంభమైన మద్రాసు కేంద్రం ద్వారా తెలుగు కార్యక్రమాలకు స్థిరమైన వేదిక దొరికింది. కోస్తా ఆంధ్ర నడిబొడ్డున, విజయవాడలో, 1948 డిసెంబరు 1న కేంద్రం వెలిసింది.

నిజాం రాజ్యంలో రేడియో చరిత్ర వేరుగా నడిచింది. ప్రైవేటు ప్రయత్నంగా పుట్టిన హైదరాబాదు రేడియోను 1935లో నిజాం ప్రభుత్వం స్వాధీనం చేసుకుంది. దక్కన్ రేడియోగా పేరొందిన ఆ కేంద్రంలో ఉర్దూకు ప్రాధాన్యం ఉండేది. 1948 సెప్టెంబరు 17న సంస్థాన సైన్యం లొంగుబాటును ఏడవ నిజాం ప్రకటించింది కూడా ఈ రేడియోలోనే. 1950 ఏప్రిల్ 1న ఆ కేంద్రం ఆలిండియా రేడియోలో విలీనమైంది. ఈ విధంగా తెలుగు శ్రోతలకు రెండు భిన్నమైన రేడియో వారసత్వాలున్నాయి. ఒకటి బ్రిటిష్ పాలనలోని మద్రాసుది, మరొకటి సంస్థాన హైదరాబాదుది. రెండింటిలోనూ వార్త పాలకుల సన్నిధి నుంచే ప్రజలకు చేరింది.

స్వాతంత్ర్యానంతర తొలి ఏళ్లలో రేడియో వార్తా వ్యవస్థ ఢిల్లీలో కేంద్రీకృతమై ఉండేది. అక్కడి వార్తా గదిలో ఇంగ్లీషులో తయారైన మూలప్రతిని వివిధ భాషా విభాగాలు అనువదించుకునేవి. ఈ అమరికలో జిల్లా వార్త జాతీయ ప్రాధాన్యం సంతరించుకుంటే తప్ప శ్రోతకు చేరే అవకాశం లేదు. 1953 ఏప్రిల్‌లో లక్నో, నాగపూర్‌ల నుంచి ప్రాంతీయ వార్తా బులెటిన్లు మొదలవడంతో ఈ స్థితి మారసాగింది. అదే సంవత్సరం అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం అవతరించింది. భాషాప్రయుక్త రాష్ట్రాలు ఏర్పడుతున్న కాలంలోనే ప్రాంతీయ వార్త కూడా ఒక ప్రత్యేక ప్రక్రియగా రూపుదిద్దుకోవడం గమనించదగినది. శాసనసభ, సచివాలయం, ఉన్నత న్యాయస్థానం ఒకే భాషా సమాజానికి కేంద్రాలైనప్పుడు, ఆ సమాజానికి సొంత వార్తా బులెటిన్ అవసరమైంది. అనంతర కాలంలో హైదరాబాదు, విజయవాడ ప్రాంతీయ వార్తా విభాగాలు తెలుగు శ్రోతల దినచర్యలో భాగమయ్యాయి.

3. వృత్తి నిర్మాణం: వినిపించే కంఠం, కనిపించని చేయి

ప్రాంతీయ వార్తా విభాగంలో పని స్థూలంగా నాలుగు పాత్రల మధ్య విభజితమై ఉంటుంది. బులెటిన్ స్వరూపానికి బాధ్యత వహించే వార్తా సంపాదకుడు, రాజధానిలో సచివాలయం నుంచి శాసనసభ దాకా తిరిగి వార్తలు సేకరించే విలేఖరి, అనువదించి చదివే న్యూస్ రీడర్, జిల్లాల నుంచి సమాచారం పంపే పార్ట్ టైం విలేఖరి. చివరి పాత్రలో ఉన్నవారు పూర్తికాలపు ఉద్యోగులు కారు. స్వల్ప పారితోషికంపై పనిచేసే వీరి ఫోన్ కబురు మీదనే జిల్లా వార్త చాలావరకు ఆధారపడింది.

సంపాదక, విలేఖరి పదవుల్లో ఎక్కువమంది 1960లో ఏర్పడిన సెంట్రల్ ఇన్ఫర్మేషన్ సర్వీసుకు చెందినవారు. ఈ సర్వీసు తరువాతి కాలంలో ఇండియన్ ఇన్ఫర్మేషన్ సర్వీసుగా పేరు మార్చుకుంది. ఇందులోని అధికారి ఒక దశలో పత్రికా సమాచార కార్యాలయంలో, మరొక దశలో క్షేత్ర ప్రచార విభాగంలో, ఇంకొక దశలో ఆకాశవాణి వార్తా విభాగంలో పనిచేసే వీలుండేది. ఈ బదిలీ వ్యవస్థకు ఒక విశేష పర్యవసానం ఉంది. ప్రభుత్వ ప్రకటన రాసిన చేయే తరువాతి కాలంలో ఆ ప్రకటనలో వార్త ఎంతో, ప్రచారం ఎంతో తూచవలసి వచ్చేది. పత్రికా విలేఖరికి ప్రెస్ నోట్ బయటి నుంచి వచ్చిన కాగితం. రేడియో సంపాదకుడికి అది తన సర్వీసులోనే పుట్టిన కాగితం. దానిని కుదించడానికి, కొన్నిసార్లు పక్కన పెట్టడానికి వృత్తిపరమైన వివేకంతోపాటు ఉద్యోగపరమైన ధైర్యమూ అవసరమయ్యేది.

ఈ వృత్తి గమనాన్ని కొందరి జీవితాల్లో స్పష్టంగా చూడవచ్చు. పన్యాల రంగనాథరావు ఢిల్లీ నుంచి తెలుగు వార్తలు చదివి శ్రోతలకు సుపరిచితులై, అనంతరం హైదరాబాదు ప్రాంతీయ వార్తా విభాగంలో సంపాదక బాధ్యతలు నిర్వహించారు. ఏడిద గోపాలరావు ఢిల్లీ తెలుగు వార్తలతో పాటు మాస్కో రేడియోలోనూ పనిచేశారు. భండారు శ్రీనివాసరావు ఆంధ్రజ్యోతి దినపత్రికలో పాత్రికేయ జీవితం ఆరంభించి, 1970వ దశకం మధ్యలో హైదరాబాదు ఆకాశవాణి విలేఖరిగా మారారు. 1980వ దశకం చివరలో మాస్కో రేడియో తెలుగు విభాగానికి వెళ్లి, ఆ అనుభవాలను ‘మార్పు చూసిన కళ్లు’ పేరిట గ్రంథస్థం చేశారు. అచ్చుపత్రిక నుంచి రేడియోకు, చదవడం నుంచి సంపాదకత్వానికి, హైదరాబాదు నుంచి విదేశీ ప్రసార కేంద్రానికి సాగిన ఈ ప్రయాణాలు ఒక విషయాన్ని సూచిస్తాయి. రేడియో వార్త సర్కారు దఫ్తరులో యాంత్రికంగా తయారైన సరుకు కాదు. పత్రికా రచనలోని అలవాట్లు, అనువాద శిక్షణ, కంఠ సంస్కారం అందులో కలిసి పనిచేశాయి.

4. చెవి కోసం రాసిన తెలుగు

పత్రిక చదువరి అర్థం కాని వాక్యాన్ని మళ్లీ చదువుకోగలడు. రేడియో శ్రోతకు ఆ వీలు లేదు. ఈ ఒక్క తేడా వల్ల వార్తా వాక్య నిర్మాణమే మారింది.

తెలుగు వాక్యంలో క్రియ చివర వస్తుంది. ఇంగ్లీషు మూలంలోని దీర్ఘ సంయుక్త వాక్యాన్ని ఉన్నదున్నట్టుగా తెలుగులోకి తెస్తే, విశేషణ వాక్యాలన్నీ ముందుకు చేరి, అసలు జరిగినదేమిటో తెలియడానికి శ్రోత చివరిదాకా నిరీక్షించవలసి వస్తుంది. ఈ ఇబ్బందిని తొలగించడానికి రేడియో అనువాదకులు ఒక వాక్యాన్ని రెండుగానో మూడుగానో విడగొట్టారు. వక్త పేరును ముందుకు తెచ్చారు. ‘ఫలానా మంత్రి ఈ విషయం చెప్పారు. ఫలానా ఊళ్లో ఆయన మాట్లాడుతూ’ అన్న అల్లిక ఈ అవసరంలోంచే వార్తాభాషలో స్థిరపడింది. నేటి టెలివిజన్ వార్తల్లో అలవాటుగా వినిపించే ‘మాట్లాడుతూ’ అన్న పదం వెనుక ఈ శ్రవణ సూత్రం ఉంది.

వ్యతిరేకార్థం విషయంలో మరింత జాగ్రత్త కావాలి. తెలుగు క్రియలో నిషేధం చివరి అక్షరాల్లో ఉంటుంది. ‘సమ్మె విరమించలేదు’ అన్న వాక్యం మీడియం వేవ్ ప్రసారంలోని గరగర శబ్దాల మధ్య చివర తెగిపోతే అర్థం తలకిందులవుతుంది. ‘సమ్మె కొనసాగుతోంది’ అంటే ఆ ప్రమాదం లేదు. ‘బస్సులు నడవవు’ అనే బదులు ‘బస్సులను రద్దు చేశారు’ అనడమూ ఇటువంటిదే. ఇది శైలికి సంబంధించిన సొగసు కాదు. తప్పు వినడం వల్ల జరిగే నష్టాన్ని ముందుగా ఊహించి రాసే పద్ధతి.

‘అని’ అన్న అవ్యయానికీ రేడియో వార్తలో విశేష ప్రాధాన్యం ఉంది. అచ్చులో ఉద్ధరణ చిహ్నాలుంటాయి. రేడియోలో వాటిని వినిపించలేము. ఒక మాట ప్రభుత్వానిదో, ప్రతిపక్షానిదో, వార్తా విభాగానిదో శ్రోతకు తెలియజేసేది ‘అని’, దాని తరువాతి క్రియ మాత్రమే. ‘అన్నారు’, ‘తెలిపారు’, ‘ఆరోపించారు’, ‘ఖండించారు’ అన్న క్రియలు పైకి ఒకే పని చేస్తున్నట్టు కనిపించినా, ఒక్కొక్కటి చెప్పిన మాటకు ఒక్కొక్క స్థాయి ప్రామాణికతను ఇస్తుంది. మంత్రి మాటకు ‘తెలిపారు’, ప్రతిపక్ష నాయకుడి మాటకు ‘ఆరోపించారు’ అని వాడినప్పుడు మొదటిది సత్యంగా, రెండవది సందేహాస్పదంగా ధ్వనిస్తుంది. ‘అన్నారు’ అన్న సాదా క్రియను ఇద్దరికీ సమానంగా వాడగలిగిన సంపాదకుడు ఆ మేరకు నిష్పాక్షికతను నిలబెట్టినట్టే.

పారిభాషిక పదాల విషయంలోనూ ప్రాంతీయ బులెటిన్ చేసిన సేవ గణనీయమైనది. అల్పపీడనం, వాయుగుండం, తుపాను అన్న పదాల క్రమం, ఓడరేవుల్లో ఎగురవేసే ప్రమాద సూచికల సంఖ్యలు, క్యూసెక్కులు, టి.ఎం.సి.లు వంటి కొలతలు తీరప్రాంత మత్స్యకారుడికీ, ఆయకట్టు రైతుకూ పరిచితం కావడంలో రేడియోకు పెద్ద భాగం ఉంది. కోస్తా, రాయలసీమ, తెలంగాణ ప్రాంతాల శ్రోతలు ఒకే బులెటిన్ వింటున్నప్పుడు ఏ ఒక్క ప్రాంతానికో పరిమితమైన మాటను తప్పించి, అందరికీ తెలిసిన మాటను ఎంచుకోవలసి వచ్చేది. ఈ ఎంపికలో తెలంగాణ మాటకు తగిన చోటు దక్కిందా అన్న ప్రశ్న న్యాయమైనదే. ‘అందరి భాష’ పేరిట స్థిరపడిన శిష్ట వ్యావహారికంలో కోస్తా జిల్లాల నుడికారానిదే పైచేయి అన్న విమర్శ పత్రికలకు వర్తించినట్టే ఆకాశవాణికీ వర్తిస్తుంది.

5. నిర్ధారణ: రెండు జాతీయ వైఫల్యాలు

రేడియో వార్తా విభాగం తన ప్రత్యేకతగా చెప్పుకున్న గుణం నిర్ధారణ. ఆలస్యమైనా సరే, ధ్రువపడని వార్త ప్రసారం కాకూడదన్నది ఆ వృత్తిలో ప్రథమ సూత్రం. ‘రేడియోలో చెప్పారు’ అన్న మాట పల్లెల్లో వివాదాలను ముగించగలిగిందంటే ఈ సూత్రం మీద ఏర్పడిన నమ్మకమే కారణం. అయితే ఎవరు ధ్రువీకరిస్తే వార్త నిర్ధారణ అయినట్టు? ఈ ప్రశ్న ఎంత కీలకమైనదో రెండు జాతీయ సంఘటనలు తెలుపుతాయి.

1979 మార్చి 22న లోక్‌నాయక్ జయప్రకాశ్ నారాయణ్ మరణించారని ప్రధానమంత్రి మొరార్జీ దేశాయ్ లోక్‌సభలో ప్రకటించారు. ఆకాశవాణి ఆ వార్తను ప్రసారం చేసింది. సభ సంతాపం తెలిపి వాయిదా పడింది. కాని జయప్రకాశ్ నారాయణ్ అప్పటికి బొంబాయి ఆసుపత్రిలో సజీవంగానే ఉన్నారు. ఆయన మరణించింది ఆ ఏడాది అక్టోబరు 8న. రెండవది 1984 అక్టోబరు 31నాటిది. ఉదయం 9 గంటల తరువాత ప్రధానమంత్రి ఇందిరాగాంధీపై కాల్పులు జరిగాయి. బీబీసీ మధ్యాహ్నానికే ఆమె మరణవార్తను తెలియజేసింది. ఆకాశవాణి సాయంకాలం 6 గంటల ప్రాంతంలో గాని ఆ వార్తను ప్రకటించలేదు.

పైకి చూస్తే ఈ రెండూ పరస్పర విరుద్ధాలు. ఒకచోట తొందరపాటు, మరొకచోట జాప్యం. మూలం మాత్రం ఒక్కటే. రెండు సందర్భాల్లోనూ నిర్ధారణకు ప్రమాణం సంఘటన కాదు, అధికార స్థానం. ఉన్నత స్థానంలోని వ్యక్తి చెప్పారు గనుక అసత్యం వార్త అయింది. అటువంటి స్థానం నుంచి మాట రాలేదు గనుక సత్యం వార్త కాలేకపోయింది. అధికారిక ధ్రువీకరణనూ వాస్తవ నిర్ధారణనూ ఒక్కటిగా భావించడం ప్రభుత్వ మాధ్యమానికి పుట్టుకతో వచ్చిన బలహీనత. రేడియో పాత్రికేయ వృత్తిని అంచనా వేసేటప్పుడు ఈ బలహీనతను దాచడం పరిశోధన కాజాలదు.

ఆకాశవాణి ప్రసార నియమావళి కూడా ఈ పరిధిలోనే అర్థమవుతుంది. మిత్రదేశాల మీద విమర్శ, మతాల మీద దాడి, హింసకు ప్రేరణ, కోర్టు ధిక్కారం, రాజకీయ పక్షాన్ని పేరుపెట్టి దూషించడం, కేంద్ర ప్రభుత్వాన్ని గాని రాష్ట్ర ప్రభుత్వాన్ని గాని శత్రుభావంతో విమర్శించడం ఈ నియమావళి నిషేధించిన అంశాల్లో ఉన్నాయి. వీటిలో కొన్ని ఏ బాధ్యతాయుతమైన మాధ్యమమైనా పాటించదగినవి. చివరి అంశం మాత్రం విలేఖరిని ఇరకాటంలో పెడుతుంది. శత్రుభావం ఎక్కడ మొదలవుతుందో, న్యాయమైన విమర్శ ఎక్కడ ముగుస్తుందో నిర్ణయించవలసిన భారం బులెటిన్ ప్రసారానికి కొద్ది నిమిషాల ముందు సంపాదకుడి మీద పడేది.

6. సాక్షి అయిన శ్రోత

జాతీయ వార్తకూ ప్రాంతీయ వార్తకూ మధ్య ప్రధానమైన భేదం ఇక్కడే ఉంది. ఒకప్పుడు ఢిల్లీ నుంచి ఉదయం 7 గంటల 5 నిమిషాలకు వచ్చిన తెలుగు వార్తల్లో మంత్రివర్గ నిర్ణయం గురించో విదేశీ ఒప్పందం గురించో విన్న శ్రోత దానిని స్వయంగా సరిచూసుకోలేడు. ప్రాంతీయ వార్త అటువంటిది కాదు. కాలువకు నీళ్లు వదిలారని రేడియో చెబితే, ఆ కాలువ గట్టు మీద నిలబడి వింటున్న రైతుకు నిజమేదో కళ్లముందే ఉంటుంది. వంతెన మీద రాకపోకలు మొదలయ్యాయని చెబితే, ఆ వంతెన దగ్గర ఆగిపోయిన ప్రయాణికుడే దానికి సాక్షి. అధికారి ఏమి ధ్రువీకరించినా, శ్రోత ధ్రువీకరణ ముందు అది నిలబడాలి.

గోదావరి వరదలు ఈ సంబంధాన్ని స్పష్టంగా చూపుతాయి. భద్రాచలం వద్ద నీటిమట్టం 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48 అడుగులకు రెండవది, 53 అడుగులకు మూడవది జారీ చేస్తారు. దిగువన ధవళేశ్వరం వద్ద 10 లక్షల, 13 లక్షల, 17 లక్షల క్యూసెక్కుల ప్రవాహాలు ఈ మూడు హెచ్చరికలకు కొలతలు. భద్రాచలం అంకె వినగానే కోనసీమ లంక గ్రామాల రైతు తన గడపకు నీరు ఎప్పటికి చేరుతుందో అంచనా వేసుకోగలడు. 1986 ఆగస్టు 16న భద్రాచలం వద్ద గోదావరి 75.6 అడుగులకు చేరింది. అటువంటి సమయంలో బులెటిన్‌లోని ఒక్క అంకె పశువులను తోలుకుపోవాలా, ధాన్యం అటక మీదికి ఎక్కించాలా, ఇల్లు వదలాలా అన్న నిర్ణయాలకు ఆధారం. అంకె ఒక అడుగు తక్కువైనా ప్రాణనష్టం జరగవచ్చు, ఎక్కువైనా మరుసటి హెచ్చరికను జనం నమ్మకపోవచ్చు. నీటిమట్టంతోపాటు అది ఏ గంటకు నమోదైనదో చెప్పడం వరద వార్తలో అంకె చెప్పడమంత ముఖ్యం. పాత అంకెను కొత్తదిగా వినిపించడం కూడా అసత్యమే.

తుపాను వార్తల్లో ఈ బాధ్యత మరింత తీవ్రమైనది. 1977 నవంబరు 19న దివిసీమను ముంచెత్తిన ఉప్పెనలో సుమారు 10,000 మంది మరణించినట్టు అధికారిక అంచనా. వాస్తవ సంఖ్య అంతకంటే ఎక్కువన్న అభిప్రాయం అప్పటి నుంచీ ఉంది. హెచ్చరిక ప్రసారం కావడం వేరు, అది అర్థమై జనం కదలడం వేరు అన్న పాఠాన్ని ఆ విపత్తు నేర్పింది. ‘తుపాను తీరం దాటుతుంది’ అన్న వాతావరణ శాఖ వాక్యం సముద్రం ఊరి మీదికి వస్తుందన్న భయాన్ని కలిగించదు. ‘దాటుతుంది’ అన్న క్రియ అపాయం తొలగిపోతున్నట్టు కూడా వినిపించవచ్చు. ‘ఉప్పెన’ అన్న తీరవాసుల మాటకు ఉన్న శక్తి శాస్త్రీయ పదబంధానికి లేదు. 1990 మే నెలలో అదే తీరాన్ని తాకిన తీవ్ర తుపానులో మృతుల సంఖ్య వెయ్యి లోపే ఉంది. లక్షకు పైగా ప్రజలను ముందుగానే సురక్షిత స్థలాలకు తరలించడం ఇందుకు ప్రధాన కారణం. తుపాను రక్షిత భవనాలు, మెరుగైన అంచనాలు, పాలనా యంత్రాంగం కదలిక ఇందులో పాలుపంచుకున్నాయి. ఆ సన్నాహాన్ని గ్రామగ్రామానికీ మాటగా చేర్చిన మాధ్యమాల్లో రేడియో ముఖ్యమైనది. విద్యుత్తు పోయినా, దారులు తెగినా, బ్యాటరీలతో పనిచేసే ట్రాన్సిస్టర్ మోగుతూనే ఉంటుంది.

మృతుల సంఖ్య చెప్పడంలో ప్రాంతీయ విలేఖరి వృత్తి ధర్మం అత్యంత కఠినమైన పరీక్షను ఎదుర్కొంటుంది. కలెక్టరు ధ్రువీకరించిన సంఖ్య ఒకటి, ఊరివారు చూసిన శవాలు అంతకు ఎన్నో రెట్లు. అధికారిక సంఖ్యను మాత్రమే చెబితే సాక్షులైన శ్రోతల దృష్టిలో రేడియో అబద్ధమాడినట్టు. ధ్రువపడని సంఖ్య చెబితే నిర్ధారణ సూత్రానికి భంగం. ఈ సంకటానికి మధ్యేమార్గం సంఖ్యను దాని ఆధారంతో కలిపి చెప్పడం: ఇప్పటివరకు ఇన్ని మృతదేహాలు లభించాయి, ఇన్ని గ్రామాలతో సంబంధాలు ఇంకా ఏర్పడలేదు. మొదటి భాగం అధికారి మాటను గౌరవిస్తుంది. రెండవ భాగం ఆ మాట అసంపూర్ణమని శ్రోతకు తెలియజేస్తుంది. అధికారిక ధ్రువీకరణకూ వాస్తవానికీ మధ్య ఉన్న ఖాళీని ఒప్పుకోవడమే ఇందులోని నిజాయితీ.

7. రెండు ప్రభుత్వాల మధ్య విలేఖరి

1975 జూన్ 26 ఉదయం ఇందిరాగాంధీ అత్యవసర పరిస్థితి విధింపును దేశానికి తెలియజేసింది ఆకాశవాణిలోనే. పత్రికల మీద సెన్సార్‌షిప్ విధించవలసి వచ్చింది గాని, ప్రభుత్వ శాఖగా ఉన్న రేడియోకు ప్రత్యేకంగా సెన్సార్ అవసరం లేకపోయింది. 1976 ఫిబ్రవరిలో నాలుగు వార్తా సంస్థలను కలిపి ‘సమాచార్’గా మార్చడంతో, వార్తా విభాగాలకు చేరే మూల సమాచారమే ఏకముఖమైంది. విభిన్న సంస్థల కథనాలను పోల్చి సరిచూసే అవకాశం సన్నగిల్లింది. 1977 ఎన్నికల తరువాత ఏర్పడిన వర్గీస్ కార్యాచరణ బృందం 1978 ఫిబ్రవరిలో సమర్పించిన నివేదికలో ‘ఆకాశ్ భారతి’ పేరిట స్వతంత్ర ప్రసార న్యాసాన్ని సిఫారసు చేసింది. ఆ ఏడాదే సమాచార్ రద్దయి పాత సంస్థలు పునరుద్ధరణ పొందాయి.

ప్రాంతీయ వార్తా విభాగం దృష్టితో చూస్తే 1977కు మరొక ప్రాముఖ్యం ఉంది. ఆ ఎన్నికల్లో దేశమంతటా జనతా గాలి వీచినా, ఆంధ్రప్రదేశ్‌లోని 42 లోక్‌సభ స్థానాల్లో 41 కాంగ్రెస్‌కే దక్కాయి. నంద్యాల నుంచి నీలం సంజీవరెడ్డి ఒక్కరే జనతా అభ్యర్థిగా గెలిచారు. ఫలితంగా కేంద్రంలో ఒక పక్షం, రాష్ట్రంలో మరొక పక్షం అధికారంలో ఉన్న స్థితి హైదరాబాదు విలేఖరికి ఎదురైంది. జీతమిచ్చేది కేంద్ర ప్రభుత్వం, రోజూ వార్తలు ఇచ్చేది రాష్ట్ర ప్రభుత్వం. 1983 జనవరిలో ఎన్.టి. రామారావు నాయకత్వంలో తెలుగుదేశం అధికారానికి రావడంతో ఈ స్థితి మరింత పదునెక్కింది.

1984 ఆగస్టు 16న గవర్నరు రామ్‌లాల్ రామారావు మంత్రివర్గాన్ని బర్తరఫ్ చేసి, నాదెండ్ల భాస్కరరావు చేత ముఖ్యమంత్రిగా ప్రమాణం చేయించారు. నెల రోజుల ప్రజాందోళన తరువాత సెప్టెంబరు 16న రామారావు తిరిగి ముఖ్యమంత్రి అయ్యారు. ఈ నెల రోజుల్లో ముఖ్యమంత్రి ఎవరన్నది రాజ్‌భవన్ నిర్ధారించిన విషయం. శాసనసభలో ఆధిక్యం ఎవరిదన్నది ఇంకా నిర్ధారణ కాని విషయం. అధికారిక ధ్రువీకరణకూ వాస్తవానికీ మధ్య అంతరం ఇంతగా బయటపడిన సందర్భాలు రాష్ట్ర చరిత్రలో అరుదు. వీధుల్లో ఉన్న జనమే శ్రోతలు గనుక, ఏ వాక్యాన్నయినా వారు తమ అనుభవంతో పోల్చి చూడగలరు. ప్రసార మాధ్యమాల్లో రాష్ట్రాలకు స్థానం ఉండాలన్న వాదన ఆ దశాబ్దంలో బలపడటానికి ఇటువంటి అనుభవాలు దోహదం చేశాయి. 1983లో ఏర్పడి 1988లో నివేదిక వెలువరించిన సర్కారియా కమిషన్ ప్రసార మాధ్యమాలకు ప్రత్యేక అధ్యాయాన్ని కేటాయించింది.

1990లో ఆమోదం పొందిన ప్రసార భారతి చట్టం 1997 సెప్టెంబరులో గాని అమలుకు రాలేదు. ఆ మధ్యకాలంలో, 1995 ఫిబ్రవరిలో, ప్రసార తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. అయినప్పటికీ ప్రైవేటు ఎఫ్.ఎం. కేంద్రాలకు సొంత వార్తలు ప్రసారం చేసే అనుమతి లభించలేదు. ఆకాశవాణి బులెటిన్లను యథాతథంగా తిరిగి వినిపించడానికి మాత్రమే వీలు కలిగింది. అంటే భారతదేశంలో రేడియో వార్త మీద ప్రజా ప్రసార సంస్థ ఆధిపత్యం నేటికీ కొనసాగుతోంది. ప్రాంతీయ వార్తా విభాగాల విశ్వసనీయతను గతకాలపు విషయంగా కాక వర్తమాన ప్రశ్నగా చూడవలసిన కారణం ఇదే.

8. ముగింపు

ఆకాశవాణి ప్రాంతీయ విలేఖరిని ప్రభుత్వ గొంతుగా కొట్టిపారేయడం ఎంత సులభమో, నిష్పాక్షికతకు ప్రతీకగా కీర్తించడం అంతే సులభం. పై పరిశీలన ఈ రెండు తీర్పులనూ సమర్థించదు. నిర్ధారణ అన్న సూత్రం ఈ వృత్తికి ఆత్మ. ఆ సూత్రాన్ని అధికారిక ధ్రువీకరణకు కుదించిన చోట వృత్తి విఫలమైంది. శ్రోతను సాక్షిగా గుర్తించి, అంకెకు ఆధారాన్ని, మాటకు వక్తను, సమాచారానికి సమయాన్ని జతచేసిన చోట ప్రభుత్వ పరిధిలోనే విశ్వాసాన్ని సంపాదించింది. ఆ విశ్వాసం సంస్థ పేరు వల్ల కాక, వాక్యం వెంట వాక్యంగా ఏర్పడింది.

ఈ రంగంలో తదుపరి పరిశోధనకు మూడు మార్గాలున్నాయి. మొదటిది, జీవించి ఉన్న వార్తా సంపాదకులు, విలేఖరులు, జిల్లా పార్ట్ టైం విలేఖరుల మౌఖిక చరిత్రలను నమోదు చేయడం. రెండవది, ఒకే రోజు బులెటిన్ ప్రతినీ దినపత్రికల కథనాలనూ పక్కపక్కన పెట్టి, వార్తల ఎంపికలో, క్రియాపదాల వాడకంలో భేదాలను పరిశీలించడం. మూడవది, రేడియో వార్తాభాషను ఆధునిక తెలుగు వచన పరిణామంలో భాగంగా అధ్యయనం చేయడం. వీటిలో మొదటిది కాలంతో పోటీపడే పని. బులెటిన్ కాగితాలు ఎక్కడో ఒకచోట దొరకవచ్చు గాని, ఒక వాక్యాన్ని ఎందుకు కొట్టివేశారో, ఒక అంకెను ఎందుకు ఆపారో చెప్పగలిగినవారు ఆ తరంవారే. తెలుగు శాఖల, పాత్రికేయ శాఖల పరిశోధకులు ఈ పనిని వాయిదా వేస్తే, తెలుగు పాత్రికేయ చరిత్రలో అత్యధిక జనానికి చేరిన అధ్యాయం ఆధారాలు లేని అధ్యాయంగా మిగిలిపోతుంది.